మొదటి గడిలో ఇంటి పెద్ద

ఈ దేశంలో దిగిన రోజున నా చేతికిచ్చిన కార్డు మీద, నా పేరు కింద, ఒక మాట అచ్చేసి ఉంది: డిపెండెంట్. అర్థం తెలియక కాదు, తెలిసే ఆ కార్డును బోర్లా తిప్పి జేబులో పెట్టుకున్నాను. ఊళ్ళో ఏళ్ళ తరబడి సోఫాల దుకాణం నడిపినవాణ్ణి నేను. ఇద్దరు పనివాళ్ళు నన్ను ‘ఓనరుగారూ’ అని పిలిచేవారు. జీతం పెంచమని అడిగేటప్పుడు మాత్రమే పిలిచేవారనుకోండి, అయినా పిలిచేవారు. అలాంటి మనిషిని పట్టుకుని, ఇంకొకరి మీద ఆధారపడి బతికేవాడని రాసి, పక్కన ఫోటో కూడా వేశారు. ఫోటోలో నా మొహం ఆ మాటకు తగ్గట్టే ఉంది.

ఆ ఇంకొకరు మా ఆవిడ. ఆమెకు ఇక్కడి పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు కొత్త కాళ్ళు తయారుచేసే వర్క్‌షాప్ అది. ఆసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే గదికి ఆనుకుని ఉంటుంది. ఆమె రోజంతా ప్లాస్టర్ అచ్చులు పోసి, ఆకురాయితో నున్నగా చేసి, మనిషికి తొడిగి, ఎక్కడ ఒరుసుకుంటోందో అడిగి, మళ్ళీ అరగదీస్తుంది. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద కూడా తెల్లటి పొడి ఉంటుంది. ఆమె మనుషుల్ని నడిపించే పనిలో ఉంది. నాది మనుషుల్ని కూర్చోబెట్టే పని. ఇక్కడికొచ్చాక ఆ పని కూడా లేక, నన్ను నేనే కూర్చోబెట్టుకున్నాను.

రూలు చాలా తేలిక. ఆమెకు రెండేళ్ళ అనుమతి. ఆమె ఉన్నంతకాలం నేనుంటాను, ఆమె కదిలితే నా పెట్టె కూడా కదలాలి. ఈ రెండేళ్ళలో నేను ఎక్కడా పనిచేయకూడదు. ఆమెకు పొడిగింపు వస్తే అప్పుడు నాకూ పనిచేసుకునే వీలు ఇస్తారు. అంటే నా కుట్టు మిషను, నా కత్తెర, నా పరువు, అన్నీ ఆ పొడిగింపు మీదే ఉన్నాయి. ఆమె ఉద్యోగమూ దాని మీదే ఉంది. ఈ రెండోది నాకు కొంచెం ఆలస్యంగా గుర్తొచ్చేది.

ఖాళీగా ఉన్న మగవాడికి ఏదో ఒక విద్య కావాలి. నేను ఈ దేశపు వీసా మాటలు, పన్ను మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ప్రభుత్వం వాళ్ళు ఊరికే ఇచ్చే పుస్తకాలు తెచ్చుకుని, వంటింటి బల్ల మీద పరుచుకుని, ఒక చేత్తో కూర కలుపుతూ చదివేవాణ్ణి. కూర మాడేది. చదువు మాత్రం బ్రహ్మాండంగా సాగింది. జీతం చేతికి రాకముందే కోసేసే పన్ను ఏమిటో, తర్వాత లెక్క చూసి అందులో తిరిగిచ్చేది ఏమిటో, ఒకే ఆదాయానికి రెండు దేశాలూ పన్ను వేయకుండా రాసుకున్న ఒప్పందం ఏమిటో, అడిగితే గడగడా చెప్పేవాణ్ణి. ఎవరూ అడిగేవారు కాదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇది. వీసా ఆఫీసు లెక్కలో మేము తాత్కాలికంగా వచ్చినవాళ్ళం. అదే పన్నుల ఆఫీసు లెక్కలో ఇక్కడి నివాసులం. రెండు ఆఫీసులూ ఒకే వీధిలో, ఎదురెదురుగా ఉన్నాయి. ఉండనిచ్చేటప్పుడు చుట్టాలం, వసూలు చేసేటప్పుడు సొంతవాళ్ళం అన్నమాట. ఈ సంగతి మా ఆవిడకు చెప్పి నవ్వాను. ఆమె కూరలో మాడిన ముక్కలు పక్కకు తీస్తూ, "రెండిటికీ రూలు వేరువేరేమో లెండి" అంది.

ప్రపంచవ్యాప్త ఆదాయం అనే మాట చూసిన రోజున మాత్రం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇక్కడి నివాసి అయినవాడు ప్రపంచంలో ఎక్కడ ఏం సంపాదించినా చెప్పాలట. నా ప్రపంచవ్యాప్త ఆస్తిపాస్తులు లెక్క వేసుకున్నాను. దుకాణం అద్దెది, వచ్చేటప్పుడే ఖాళీ చేశాను. మిగిలింది తోడల్లుడి ఇంట్లో, మెట్ల కింద, గోనెపట్టా కప్పి ఉంచిన కుట్టు మిషను. అది సంపాదించడం మానేసి చాలా కాలమైంది. అయినా ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను. చదువుతున్నప్పుడు నేనేదో ఓడలున్నవాణ్ణి అనిపించేది.

తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. సిమెంటు కొట్టు నడుపుతాడు. మా ఇద్దరి మధ్యా పైకి కనపడని పోటీ ఒకటి పెళ్ళిళ్ళయిన నాటినుంచీ ఉంది. వారానికోసారి ఫోను చేసి, "అక్కడ ఏం చేస్తున్నావన్నయ్యా?" అని అడిగేవాడు. వంట చేస్తున్నానని చెప్తే నా పరువేం కాను. "ట్యాక్సేషన్, ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూస్తున్నా" అనేవాణ్ణి. "అబ్బో" అనేవాడు. ఆ ‘అబ్బో’తో నాకు వారం గడిచిపోయేది.

ఇంతలో పన్నుల ఫారం నింపే రోజులొచ్చాయి. మా ఆవిడ బూట్లు విప్పుకుంటూ అంది. "ఆసుపత్రి అకౌంట్స్‌లో ఒకాయన కొత్తగా వచ్చినవాళ్ళ ఫారాలు చూసి పెడతాడట. డబ్బేం తీసుకోడు. ఒకసారి చూపిద్దామా?"

"ఇంట్లో నేనుండగా బయటి మనిషెందుకు?" అన్నాను.

"మీరు చదివారు, నిజమే. ఆయన రోజూ నింపుతాడు కదా."

"పుస్తకం ఆయన దగ్గరా ఒకటే, నా దగ్గరా ఒకటే."

ఆమె ఇంకేమీ అనలేదు. మా ఇంట్లో నేను గెలిచిన వాదనలన్నీ ఇలాగే ముగుస్తాయి.

ఫారం తీసుకుని బల్ల తుడిచి కూర్చున్నాను. మొదటి గడి: ఈ ఇంటి ప్రధాన వ్యక్తి. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో వివరణ ఉంది. చీమ తలకాయలు చదవాల్సిన అవసరం నాకేమిటి? కరెంటు మీటరు దరఖాస్తు దగ్గర్నుంచి గ్యాసు బండ దాకా, నేను పుట్టి బుద్ధెరిగాక నింపిన ప్రతి కాగితంలోనూ మొదటి గడి ఇంటి పెద్దదే. చెయ్యి దానంతటదే నా పేరు రాసేసింది. రెండో గడి: ప్రధాన వ్యక్తి మీద ఆధారపడినవారు. అక్కడ మా ఆవిడ పేరు రాశాను. ఆమె జీతాన్ని ‘ఇంటి ఆదాయం’ అన్న చోట వేశాను. ప్రధాన వ్యక్తి ఆదాయం అన్న చోట ఒక గీత గీశాను. ఆ గీత కూడా చాలా అందంగా వచ్చింది.

ఆమె ప్లాస్టర్ చేతులు తుడుచుకుని, "ఎక్కడ పెట్టాలి?" అంది. సంతకం చోటు మీద వేలు పెట్టి చూపించాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె సంతకం చోటు నా వేలే చూపిస్తుంది. ఆమె పెట్టింది.

కొన్ని నెలల తర్వాత ఆమె పొడిగింపుకు దరఖాస్తు చేసింది. జవాబుగా వీసా ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మా రికార్డుల ప్రకారం ఆయన మీ మీద ఆధారపడి ఇక్కడ ఉంటున్నారు, పన్నుల ఆఫీసు రికార్డుల ప్రకారం మీరు ఆయన మీద ఆధారపడి ఉంటున్నారు, ఆయనకు ఆదాయం లేదు, కాబట్టి ఎవరు ఎవరికి ఆధారమో ఇద్దరూ వచ్చి చెప్పండి, అప్పటిదాకా పొడిగింపు ఆపుతున్నాం, అని దాని సారాంశం. ఎదురెదురుగా ఉన్న ఆ రెండు ఆఫీసులూ అంతకుముందు ఎన్నడైనా మాట్లాడుకున్నాయో లేదో తెలియదు. నా విషయంలో మాత్రం మాట్లాడుకున్నాయి.

మా ఆవిడ ఉత్తరం చదివి మడిచింది. "గడువులోపు తేలకపోతే నన్ను వర్క్‌షాప్‌లోకి రానివ్వరండి" అంది. "నా దగ్గరికొచ్చే ఒక లారీ డ్రైవరుకి కొత్త కాలు సగంలో ఉంది. వచ్చే వారం రెండోసారి తొడిగి చూడాలి. ఇంకొకళ్ళ చేతిలో పెడితే ఆయనకి మళ్ళీ మొదట్నుంచీ నొప్పే."

అంతే. అరవలేదు. అరిస్తే నేనూ ఒక మాట అని లెక్క సరిచేసుకునేవాణ్ణి. ఆమె కోప్పడకపోవడం వల్ల నా మీద నేనే కోప్పడాల్సి వచ్చింది. ఆ రాత్రి చీమ తలకాయల వివరణ భూతద్దం పెట్టి చదివాను. ప్రధాన వ్యక్తి అనగా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంపాదించే వ్యక్తి, అని ఉంది. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేరు.

వీసా ఆఫీసు హాల్లో నేలకు బిగించిన ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. సీట్లకు మెత్త లేదు, వెన్ను వాలు తప్పు. అలాంటి సమయంలో కూడా నాకు ఇదే కనపడింది. మా నంబరు వచ్చింది. కౌంటర్ వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ ఉంది. చదివితే అర్థమయ్యే ఆ భాష, వింటే నాకు వానలాగా పడిపోతుంది. అందుకని ఆవిడ ఫోనులో మన భాష తెలిసిన దుబాసీని పిలిచి, స్పీకరు మా వైపు తిప్పింది.

"నమస్కారమండీ," అంది ఫోనులో ఒక పెద్దావిడ గొంతు. "వాళ్ళు చెప్పింది మీకు, మీరు చెప్పింది వాళ్ళకి, ఉన్నదున్నట్టు చెప్తాను. నా సొంతంగా ఏమీ కలపను. ఇంటికి ప్రధాన వ్యక్తి మీరేనని ఎందుకు రాశారని అడుగుతున్నారు."

నేను గొంతు సవరించుకున్నాను. "చూడండమ్మా, మా ఇళ్ళలో ఎలాగంటే, ఏ కాగితమైనా ముందు ఇంటి పెద్ద పేరే రాస్తాం. ఆయన సంపాదిస్తున్నాడా లేదా అని చూడం. మా నాన్నగారికి కళ్ళు కనపడని వయసులో కూడా ఇంటి పన్ను రసీదు ఆయన పేరు మీదే వచ్చేది. రసీదు చదివి వినిపించేది మా అమ్మ, కట్టేది మా అన్నయ్య. అయినా పెద్ద పెద్దే. కాబట్టి నేను రాసింది అబద్ధం కాదు. గౌరవానికి సంబంధించిన విషయం."

దుబాసీ ఆవిడ మూడు మాటల్లో ఏదో చెప్పింది. కౌంటర్ ఆవిడ తలూపింది.

"అమ్మా, నేను చాలా చెప్పాను," అన్నాను.

"సారం చెప్పానండీ."

"ఏమని?"

"అలవాటుగా రాశారని."

కాదనడానికి లేదు. అంతకుమించి అందులో ఏమీ లేదు.

"మీకు సంపాదన ఉందా అని అడుగుతున్నారు."

"ప్రస్తుతానికైతే, అంటే పొడిగింపు వచ్చాక..."

"ఉందా, లేదా అని."

"లేదు."

"మీ ఖర్చులు ఎవరు చూస్తారట?"

"ఇద్దరం కలిసి, ఉమ్మడిగా..."

"ఉమ్మడి అంటే ఇద్దరూ వేస్తేనే కదండీ," అంది ఫోను. ఆ ప్రశ్న కౌంటర్ ఆవిడదా, ఏమీ కలపనన్న ఈవిడదా, నాకిప్పటికీ తెలియదు.

పక్కన మా ఆవిడ ఒళ్ళో బ్యాగు పెట్టుకుని ఎదురుగా చూస్తోంది. గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని తెల్లటి గీత ఉంది. నాకు ఆ లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. నేనెప్పుడూ చూడని మనిషి, ఒక కాలు సగంలో పెట్టుకుని నేనేం చెప్తానో అని ఎదురుచూస్తున్నాడు.

"మా ఆవిడ చూస్తుందమ్మా," అన్నాను. "ఇంటద్దె, సరుకులు, నా మందులు, ఇక్కడికొచ్చిన బస్సు టికెట్టు, ఈ చొక్కా కూడా. నేను ఆవిడ మీదే ఆధారపడి ఉన్నాను."

ఈసారి దుబాసీ ఆవిడ ఒక్క ముక్క వదల్లేదు. మందులూ చెప్పింది, బస్సూ చెప్పింది. చివర్లో కౌంటర్ ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నా చొక్కా వైపు చూసింది. దాన్నిబట్టి చొక్కా కూడా చెప్పిందని తెలిసింది.

తర్వాత మా ఆవిడ వంతు. ఆమెకు దుబాసీ అక్కర్లేదు, రోజూ ఆ భాషలోనే పనిచేస్తుంది. కౌంటర్ ఆవిడ నెమ్మదిగా అడిగింది కాబట్టి నాకూ అర్థమైంది. మీరు మీ భర్త మీద ఆధారపడి ఉన్నారా?

"లేదు," అంది.

ఏ విధంగానైనా?

"లేదు," అంది మళ్ళీ. అదే గొంతు. ఒరుసుకుంటోందా అని రోగిని అడిగితే వచ్చే జవాబులాగా, తేటగా.

అది మమ్మల్ని గట్టెక్కించే జవాబని నాకు తెలుసు. ఆమె ఇంకోలా చెప్తే ఇద్దరం పెట్టెలు సర్దుకోవాల్సిందే. అయినా బాధ వేసింది. చాలా బాధ వేసింది. ‘లేదు కానీ’ అని ఒక ‘కానీ’ అయినా కలుపుతుందేమోనని ఎదురుచూశాను. కలపలేదు.

కౌంటర్ ఆవిడ కొత్త ఫారం ఒకటి నా ముందుకు తోసింది. తప్పు రాసిన చెయ్యే దిద్దాలట. మొదటి గడిలో మా ఆవిడ పేరు రాశాను. ఆమె పేరు మొదటి గడిలో రాయడం నాకదే మొదలు. ప్రధాన వ్యక్తితో మీ సంబంధం: భర్త. బాగానే ఉంది. ప్రధాన వ్యక్తి ఉద్యోగం, పూర్తి హోదా: ఇక్కడ కలం ఆగింది.

"కాళ్ళు చేస్తుంది అని రాయొచ్చా అమ్మా?" అని ఫోనును అడిగాను.

"కాళ్ళు చేస్తారా అండీ?"

"పోయినవాళ్ళకి."

"హోదా పేరు కావాలండీ. కార్డు మీద ఉంటుంది కదా, అది."

నాకు తెలియదు. పన్నుల్లో ఎన్ని రకాలో తెలుసు, వీసాల్లో ఎన్ని తరగతులో తెలుసు, రెండు దేశాల ఒప్పందంలో ఏ పేజీలో ఏముందో తెలుసు. నా పక్కన కూర్చున్న మనిషి మెడలో రోజూ వేలాడే కార్డు మీద ఏముందో తెలియదు. ఊళ్ళో ఎవరడిగినా ‘ఆసుపత్రిలో పనిచేస్తుంది’ అని చెప్పి ఊరుకునేవాణ్ణి. మా ఆవిడ వైపు తిరిగాను. తెల్లమొహం అంటారే, అది వేసుకుని.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత, ఎక్కాలు చెప్పినట్టు, విడివిడిగా చెప్పింది. "సీనియర్. ప్రోస్థెటిక్. టెక్నీషియన్."

"సీనియర్ ఎప్పుడయ్యావు?"

"వచ్చిన ఏడాదికే. ఆ రోజే చెప్పాను. మీరప్పుడు ప్రపంచవ్యాప్త ఆదాయం చదువుతున్నారు."

ఫోను అవతల దుబాసీ ఆవిడ దగ్గినట్టు వినిపించింది. దాన్ని ఆవిడ అనువదించలేదు.

తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. "వాళ్ళడిగింది డబ్బు సంగతి," అంది. "అందుకే లేదన్నాను."

"తెలుసు."

"తెలిసినవాళ్ళు మొహం అలా పెట్టుకోరు."

"ఇంకేదైనా అడిగుంటే ఏమనేదానివి?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "రోజూ ఇంటికెళ్ళేసరికి తలుపెవరు తీస్తారని అడిగితే మీ పేరు చెప్పేదాన్ని. కానీ ఆ గడి వాళ్ళ ఫారంలో లేదు కదండీ." కాసేపాగి, "కూర మాడ్చేది ఎవరన్నా మీ పేరే" అంది.

నేను నవ్వలేదు. మా స్టాపు రాగానే ఆమె బ్యాగు కూడా నేనే అందుకుని దిగాను.

గడువులోపే పొడిగింపు వచ్చింది. లారీ డ్రైవరు కొత్త కాలితో వర్క్‌షాప్ వరండా చివరిదాకా నడిచి, తిరిగొచ్చి, బొటనవేలి దగ్గర కొంచెం బిగువుగా ఉందన్నాడట. లేని బొటనవేలి దగ్గర బిగువేమిటని నేను అడిగితే, అలాగే అనిపిస్తుందని మా ఆవిడ చెప్పింది. ఈసారి మొత్తం విన్నాను. నా కొత్త కార్డు మీద డిపెండెంట్ అనే మాట అలాగే ఉంది. దాని కింద, పనిచేయడానికి అనుమతి కలదు, అని ఇంకో వరుస చేరింది. ఇప్పుడు సిటీ బస్సుల డిపోలో చిరిగిన సీట్లకు కవర్లు కుడుతున్నాను. మనుషుల్ని కూర్చోబెట్టే పనే. ఈమధ్య కార్డును జేబులో బోర్లా పెట్టడం లేదు. పనిలో గేటు దగ్గర రోజూ చూపించాలి కాబట్టి కుదరదు కూడా.

మొన్న ఆదివారం తోడల్లుడు ఫోను చేశాడు. గొంతులో ఎప్పుడూ లేని వినయం ఉంది. మా మరదలికి కూడా ఈ దేశంలోనే ఉద్యోగం వచ్చిందట. ఆమెతో ఇతనూ బయల్దేరుతున్నాడు, సిమెంటు కొట్టు తమ్ముడికి అప్పజెప్పి.

"నువ్వు ఈ వ్యవహారాలు చూస్తున్నావు కదన్నయ్యా," అన్నాడు. "వీసా ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి గడిలోనే ఆగిపోయా. ఇంటికి ప్రధాన వ్యక్తి అంటున్నాడు. నా పేరే కదా?"

"మరదలి పేరు రాయి."

"అదేంటన్నయ్యా," అన్నాడు. "నవ్వుతారేమో."

"నవ్వనీ. రాశావా?"

"రాస్తున్నాలే. ఆ, రాశా. తర్వాత?"

"కిందికి రా. ప్రధాన వ్యక్తి ఉద్యోగం, పూర్తి హోదా అని ఉంటుంది. మరదలిది ఏంటది?"

"ఏదో ల్యాబులో కదా, ఆ పరీక్షలవీ చేస్తారు చూడు..."

"ల్యాబు కాదు. హోదా. కార్డు మీద ఉండేది."

మా ఆవిడ చేతిలో టీ గ్లాసుతో వచ్చి నా పక్కన నిలబడి వింటోంది. ఫోనులో తోడల్లుడు కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత అటు తిరిగి మెల్లగా పిలిచిన గొంతు వినిపించాయి.

"ఏమేవ్, ఒకసారి ఇలా రా. నీ ఉద్యోగం పేరేంటి?"